ఎక్స్‌రేలో ఒకే నల్లమచ్చ, వెనక నాలుగు జబ్బులు

కుడి దవడ కాస్త ఉబ్బుగా ఉందని ఒక మనిషి పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. నొప్పి లేదు, జ్వరం లేదు. ఇంట్లోవాళ్లు ఈమధ్య ఒళ్లు చేశావన్నారు, నిజమేనేమో అనుకున్నాడు. ఈలోపు వెనక దంతం ఒకటి కదలడం మొదలైంది, అందుకే వచ్చాడు. డాక్టర్ ఓపీజీ తీయిస్తారు. గడ్డం స్టాండు మీద ఆనించి నిలబడితే యంత్రం తల చుట్టూ తిరిగి, రెండు దవడల్నీ చాప పరిచినట్టు ఒకే బొమ్మలో చూపించే ఎక్స్‌రే అది. అందులో కింది దవడ మూల, ఎముక చెవి వైపు పైకి తిరిగే చోట, నిమ్మకాయంత నల్లటి ఖాళీ. అక్కడ ఉండాల్సిన ఎముక లేదు.

ఎముక పోయిందని ఎక్స్‌రే చెబుతుంది. దాన్ని ఏం తినేసిందో చెప్పదు. ఆ ఖాళీలో ఉన్నది ఎనామిల్ కణాల నుంచి పుట్టిన కణితి కావచ్చు, లోపల పెరుగు ముద్దలాంటి పదార్థం నిండిన తిత్తి కావచ్చు, మెడలో ఉండే ఓ చిన్న గ్రంథి చేసిన పని కావచ్చు, రక్తనాళాల చిక్కుముడి కావచ్చు. మొదటిదైతే కనిపించిన హద్దు దాటి ఇంకా ఒకటి రెండు సెంటీమీటర్లు కోయాలి. రెండోది చాలాసార్లు చిన్న గొట్టం పెట్టి నెలల తరబడి కడిగితేనే కుంచించుకుపోతుంది. మూడోదైతే అసలు ఆపరేషన్ దవడకు కాదు. నాలుగోదైతే, తెలియక పక్కనున్న పన్ను పీకినా ప్రాణం మీదికి రావచ్చు. దవడల్లో వచ్చే అరుదైన జబ్బుల వైద్యంలో కష్టం కత్తి పట్టడంలో కంటే, ఎంత కోయాలో తేల్చుకోవడంలోనే ఎక్కువగా ఉంటుందని నేను అనేది ఇందుకే.

ఈ పని చేసేవాళ్లని ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జన్లు అంటారు. పేరు నోరు తిరగదు కాబట్టి ఆస్పత్రుల్లో అందరూ ‘ఓఎంఎఫ్ఎస్’ అని పొట్టిగా పిలుస్తారు. మన దేశంలో వీళ్లు బీడీఎస్ చదివి, ఆ తర్వాత మూడేళ్ల ఎండీఎస్ చేసిన దంతవైద్యులు. బ్రిటన్‌లో అయితే ఇదే పనికి దంతవైద్యం, ఎంబీబీఎస్ లాంటి వైద్య డిగ్రీ రెండూ ఉండాలి. పళ్ల డాక్టరు దవడ కోసి మెడ దాకా వెళ్లడమేమిటని మనవాళ్లు ఆశ్చర్యపోతారు గానీ, అందులో ఒక తర్కం ఉంది. దవడ ఎముకలో వచ్చే చాలా జబ్బుల పుట్టుక పన్ను తయారీలోనే ఉంది. పన్ను పుట్టేటప్పుడు పనిచేసి, పని అయిపోయాక చిగుళ్లలోనూ ఎముకలోనూ మిగిలిపోయిన కణాల గుంపులే ఏళ్ల తర్వాత తిత్తులుగానో కణితులుగానో లేస్తాయి. తొడ ఎముకలో ఈ జబ్బులు రావు, ఎందుకంటే అక్కడ పళ్లు మొలవవు.

ముందు సూది

నల్లమచ్చ కనిపించగానే అనుభవమున్న సర్జన్ కత్తి కోసం చూడరు, సిరంజి అడుగుతారు. మత్తు ఇచ్చి, కాస్త లావు సూది ఆ ఖాళీలోకి దించి పిస్టన్ వెనక్కి లాగుతారు. గడ్డి రంగు పల్చటి నీరు వస్తే మామూలు తిత్తి కావచ్చు. తెల్లగా చిక్కగా పెరుగు గడ్డలా వస్తే కెరటోసిస్ట్ అనే తిత్తి మీద అనుమానం. ఏమీ రాకపోతే లోపలున్నది గట్టి కణితి కావచ్చు. లాగకుండానే ఎర్రటి రక్తం సిరంజిని వెనక్కి నెట్టుకుంటూ వస్తే, ఆ రోజుకి అక్కడితో ఆపేయాలి. అది ధమనులూ సిరలూ నేరుగా కలిసిపోయిన రక్తనాళాల ముడి.

ఈ ముడి దవడలో రావడం చాలా అరుదు. వచ్చినప్పుడు మాత్రం పిల్లల్లో, యువకుల్లో ఎక్కువ. కారణం లేకుండా ఒక పన్ను చుట్టూ చిగురు నుంచి రక్తం కారడం, ఆ పన్ను కదలడం, కొందరికి అక్కడ చెయ్యి పెడితే నాడి కొట్టుకున్నట్టు అనిపించడం దీని గుర్తులు. కదిలే పన్నే కదా అని పీకితే కుళాయి తిప్పినట్టు రక్తం వస్తుంది. ఆ పరిస్థితిలో ఏం చేయాలో దంతవైద్య విద్యార్థులకు నేర్పే మాట ఒకటుంది: పీకిన పన్నునే మళ్లీ ఆ గుంటలో పెట్టి గట్టిగా అదిమి పట్టండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఆ గుంటకి సరిగ్గా సరిపోయే బిరడా ప్రపంచంలో అదొక్కటే. అసలు వైద్యం తర్వాత సంగతి. గజ్జ దగ్గర నుంచి సన్నటి గొట్టం రక్తనాళంలోకి పంపి, దవడ దాకా తీసుకెళ్లి, ఆ ముడికి రక్తం తెచ్చే దారుల్ని లోపలి నుంచే మూసేస్తారు. దాన్ని ఎంబొలైజేషన్ అంటారు. కొన్నిసార్లు దాంతోనే సరిపోతుంది, కొన్నిసార్లు ఆ తర్వాత ఆపరేషన్.

క్యాన్సర్ కాదు, అయినా దవడ కోయాలి

సూదికి ఏమీ రాలేదు, ఎక్స్‌రేలో ఖాళీ ఒకటిగా కాక సబ్బు నురగలా బుడగలు బుడగలుగా ఉంది, దవడ బయటికి ఉబ్బింది, వేలితో నొక్కితే గుడ్డు పెంకులా పలచబడి చిటపటమంటోంది. ఇవన్నీ కలిస్తే డాక్టర్ నోట మొదట వచ్చే పేరు అమెలోబ్లాస్టోమా. పన్ను మీద ఎనామిల్ పూత వేసే కణాల వంశం నుంచి పుట్టే కణితి ఇది. ఏటా పది లక్షల మందిలో దాదాపు ఒకరికి వస్తుంది. అయిదింట నాలుగు కింది దవడలోనే, ముఖ్యంగా వెనక దంతాల దగ్గర వస్తాయి. 1827లోనే దీని వర్ణన నమోదైంది, ఇప్పుడు వాడే పేరు 1930లో స్థిరపడింది.

చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూసే బయాప్సీ రిపోర్టులో ‘బినైన్’ అని ఉంటుంది. క్యాన్సర్ కాదని అర్థం. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. మరుక్షణం సర్జన్ ‘దవడలో ఈ ముక్క మొత్తం తీసేయాలి’ అంటారు. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో అర్థం కాక చాలామంది ఇంకో డాక్టర్ కోసం వెతుకుతారు. వెతికితే దొరుకుతారు కూడా, లోపలున్నది గీకి శుభ్రం చేస్తే చాలు, దవడ కోయక్కర్లేదు అనేవాళ్లు. ఆ మాట వినడానికి ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు.

గీకితే ఎందుకు చాలదో తెలియాలంటే ఎముక లోపలి కట్టడం చూడాలి. దవడ పైపొర గట్టిది. లోపలిది తేనెపట్టులా సన్నటి ఎముక గోడలతో, మధ్యలో సందులతో ఉంటుంది. అమెలోబ్లాస్టోమా తన హద్దు దగ్గర ఆ గోడల్ని అప్పుడే తినేయదు. సందుల్లోంచి పాకుతూ ముందుకెళ్తుంది. ఎక్స్‌రేలో నల్లగా కనిపించేది ఎముక కరిగిపోయిన చోటు మాత్రమే. కణితి అంచు దానికంటే కొన్ని మిల్లీమీటర్లు ముందే ఉంటుంది. గీకే పరికరం కంటికి కనిపించే గూడు దాకా పోతుంది, సందుల్లో దూరిన కణాలు మిగిలిపోతాయి. అందుకే గీకి వదిలేసిన మామూలు రకం అమెలోబ్లాస్టోమాల్లో సగానికి పైగా తిరిగి వచ్చినట్టు చాలా ఆస్పత్రుల అనుభవం. అదీ వెంటనే కాదు, కొన్నేళ్లకు, ఒక్కోసారి పదేళ్లకు. ఈసారి ఇంకా పెద్దదిగా, చుట్టూ మెత్తటి కండలోకి కూడా పాకి వస్తుంది. కనిపించే హద్దుకు అవతల ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల మంచి ఎముక కలిపి తీసేస్తే తిరిగి వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది.

దీనికీ మినహాయింపు ఉంది. ఒకే గదిగా ఉండే యూనిసిస్టిక్ రకం, ముఖ్యంగా పదహారు పద్దెనిమిదేళ్ల పిల్లల్లో కనిపించేది, అంత మొండిది కాదు. కణితి ఆ తిత్తి గోడ లోపలి పొరకే పరిమితమైతే దవడ మిగిల్చి వైద్యం చేయొచ్చు. గోడ మందంలోకి దూరితే మళ్లీ పాత లెక్కే. కానీ ఈ తేడా చిన్న బయాప్సీ ముక్కలో ఒక్కోసారి చిక్కదు, మొత్తం తిత్తి తీసి పరీక్షించాకే తెలుస్తుంది. ‘ముందు ఒకటి చెప్పారు, తర్వాత ఇంకోటి చెప్పారు’ అని పేషెంట్లు కోపగించుకునే సందర్భాల్లో కొన్ని ఇలాంటివి. అది డాక్టర్ల తడబాటు కాదు, ముక్క చిన్నది కావడం.

2014లో ఈ కథలోకి కొత్త పాత్ర వచ్చింది. అమెలోబ్లాస్టోమాల్లో ఎక్కువ వాటిలో, ముఖ్యంగా కింది దవడ వాటిలో, బీరాఫ్ అనే జన్యువులో ఒకే మార్పు ఉందని పరిశోధకులు కనుక్కున్నారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఉండే మార్పే ఇది. ఆ క్యాన్సర్‌కి అప్పటికే మాత్రలు ఉన్నాయి. వాటిని అమెలోబ్లాస్టోమా పేషెంట్లకి ఇస్తే కణితులు బాగా చిన్నబడిన కేసులు వచ్చాయి. పేషెంట్ల సంఖ్య ఇంకా తక్కువ, మందు ఖరీదు ఎక్కువ, ఎన్నాళ్లు వాడాలో స్పష్టత లేదు. అందుకని ఆపరేషన్ మానేసి మాత్రలు మింగుదామనే దశ ఇంకా రాలేదు. కానీ రెండుసార్లు తిరగబెట్టి, తల అడుగు భాగం దాకా వెళ్లిన కేసుల్లో ఇదొక దారి.

కాలి ఎముక నోట్లోకి

దవడ కోయడం అనగానే మనిషికి వచ్చే భయం ప్రాణం గురించి కాదు, ముఖం గురించి. కింది దవడలో అయిదారు అంగుళాలు తీసేస్తే మిగిలిన ముక్క ఒక పక్కకు లాగేసుకుంటుంది. నమలడం పోతుంది, చొంగ కారుతుంది. గడ్డం ముందు భాగమే పోతే నాలుకకి ఆధారం లేక అది వెనక్కి జారి ఊపిరికే అడ్డం పడొచ్చు. టైటానియం ప్లేటు మాత్రమే వేసి వదిలేస్తే కొన్నేళ్లకు అది విరగడమో చర్మం చీల్చుకుని బయటికి రావడమో జరగొచ్చు. ఆ చోట ఎముక కావాలి, దానికి రక్తం కావాలి.

ఆ ఎముక కాలిలో దొరుకుతుంది. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. ముందున్న లావుపాటిది ఒంటి బరువులో చాలా భాగం మోస్తుంది. బయటి పక్కనున్న సన్నటిది ఫిబులా. చీలమండ దగ్గర, మోకాలి దగ్గర కొంత కొంత వదిలేసి మధ్యలో దాదాపు ఇరవై అయిదు సెంటీమీటర్ల దాకా తీసుకోవచ్చు, మనిషి నడుస్తాడు. 1975లో ఆస్ట్రేలియా సర్జన్ ఇయాన్ టేలర్ బృందం దీన్ని రక్తనాళంతో సహా తీసి, దెబ్బతిన్న రెండో కాలికి అమర్చిన సంగతి ప్రచురించింది. 1989లో న్యూయార్క్‌లో డేవిడ్ హిడాల్గో దీంతోనే దవడను తిరిగి కట్టొచ్చని చూపించాడు. నిటారు ఎముకను రెండు మూడు చోట్ల కోసి, దవడ వంపు వచ్చేట్టు విరిచి, ప్లేటుకు బిగించి, దాని రక్తనాళాల్ని మెడలోని నాళాలకు కలుపుతారు. ఆ నాళాలు రెండు మూడు మిల్లీమీటర్లవి. మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కంటే సన్నటి దారంతో కుట్టు.

ఆపరేషన్ ఎనిమిది నుంచి పది గంటలు పట్టడం మామూలే. ఒక బృందం మెడ దగ్గర, ఇంకో బృందం కాలి దగ్గర ఒకేసారి పనిచేస్తాయి. ఇప్పుడు సీటీ స్కాన్‌తో పేషెంట్ దవడ నమూనాని ముందే త్రీడీ ప్రింట్ చేసి ప్లేటు దాని మీద వంచి పెట్టుకోవడంతో కొంత సమయం కలిసొస్తోంది. అసలు టెన్షన్ తర్వాత రెండు మూడు రోజులు. గంట గంటకీ నర్సో జూనియర్ డాక్టరో వచ్చి కొత్త ముక్క రంగు చూసి, సూదితో గుచ్చి వచ్చే రక్తం ఎర్రగా ఉందా నల్లగా ఉందా చూస్తారు. నల్లబడుతుంటే సిరలో గడ్డకట్టినట్టు. గంటల్లో మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాలి. రాత్రి మూడింటికి ఈ గుచ్చడం ఏమిటని విసుక్కునే బంధువులకు ఈ సంగతి ఎవరైనా ముందే చెబితే బాగుంటుంది. ఎముక అతుక్కున్నాక అందులోనే ఇంప్లాంట్లు బిగించి పళ్లు పెట్టొచ్చు. పిక్క పక్కనుండే ఎముక మీద పళ్లు పెట్టుకుని మనిషి జొన్నరొట్టె తినగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చాప కింద నీరు

రెండో జబ్బు కెరటోసిస్ట్. అమెలోబ్లాస్టోమా దవడను బయటికి ఉబ్బించి తన ఉనికి చాటుకుంటుంది. ఇది అలా కాదు. ఎముక పొడవునా లోలోపలే సాగుతుంది. దవడ ఒక కొస నుంచి సగం దాకా ఖాళీ అయినా ముఖంలో మార్పుండదు. వేరే పన్ను కోసం తీసిన ఎక్స్‌రేలో బయటపడటమే ఎక్కువ.

ఇది తిత్తా కణితా అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థే తేల్చుకోలేక అటూ ఇటూ అయింది. 2005లో కణితుల జాబితాలోకి మార్చారు, 2017లో మళ్లీ తిత్తుల్లోకి తెచ్చారు. పేరు మారినప్పుడల్లా వైద్యం తీరు మీదా దాని నీడ పడింది. కణితి అన్నప్పుడు ఎక్కువ కోయాలనే వాదం బలపడుతుంది. గోడ తడి కాగితంలా పలచగా ఉండి తీసేటప్పుడు చిరిగిపోతుంది, చుట్టూ పిల్ల తిత్తులుంటాయి. కాబట్టి తిరగబెట్టే గుణం దీనికీ ఉంది. గూడు ఖాళీ చేశాక మిగిలిన కణాల్ని చంపడానికి కార్నాయ్ ద్రావణం పూయడం పాత పద్ధతి. నిజానికి అది మైక్రోస్కోప్ పరీక్ష కోసం కణజాలాన్ని నిలవబెట్టే ద్రావణం. అందులోని క్లోరోఫామ్‌కి క్యాన్సర్ కలిగించే గుణం ఉందన్న అనుమానంతో అది లేకుండా వాడుతున్నారు. 5-ఎఫ్‌యూ అనే క్యాన్సర్ మందు పూసిన గాజుగుడ్డ ఒక రోజు పాటు అందులో ఉంచడం కొత్త పద్ధతి.

నాకు నచ్చినది మాత్రం గొట్టం పద్ధతి. తిత్తికి చిన్న కిటికీ పెట్టి, గొట్టం కుట్టి, పేషెంట్ చేతికి సిరంజీ, సెలైనూ ఇచ్చి పంపిస్తారు. రోజూ రెండుసార్లు కడుక్కోవాలి. లోపలి ఒత్తిడి తగ్గగానే ఎముక చుట్టూ నుంచి నింపుకుంటూ వస్తుంది. ఆర్నెల్లు, ఏడాది గడిచేసరికి తిత్తి చిన్నదై, గోడ కూడా మందమై, చిరగకుండా తీసేయడానికి వీలవుతుంది. దవడ నరం దక్కుతుంది, పెదవి తిమ్మిరి ఉండదు. కాకపోతే ఇది ఓపిక ఉన్నవాళ్ల వైద్యం. గొట్టం ఊడిపోయిందని పదిహేను రోజులు ఊరుకుంటే కిటికీ మూసుకుపోతుంది.

ఒక పిల్లవాడికో పిల్లకో ఇలాంటి తిత్తులు రెండు మూడు చోట్ల ఉంటే దాన్ని ఉట్టి దవడ జబ్బుగా చూడకూడదు. 1960లో గోర్లిన్, గోల్ట్జ్ అనే వైద్యులు వివరించిన వంశపారంపర్య జబ్బు కావచ్చు. దాంట్లో తర్వాత్తర్వాత చర్మ క్యాన్సర్లు వస్తాయి. వీళ్లకి రేడియేషన్ వీలైనంత తప్పించాలి. ఆ విషయం మొదట పసిగట్టే అవకాశం తరచూ పళ్ల డాక్టర్‌కే దక్కుతుంది.

దవడలో గడ్డ, మెడలో నేరం

మూడోది నాకు అన్నిటికంటే ఆసక్తికరం. బయాప్సీలో పెద్ద పెద్ద కణాలు, ఒక్కో దాంట్లో పది ఇరవై కేంద్రకాలు. ‘జెయింట్ సెల్ లీజన్’ అని రిపోర్ట్. దవడలో సొంతంగా పుట్టే గ్రాన్యులోమా అనే గడ్డ ఇలాగే ఉంటుంది. పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే ఎముకల్లో వచ్చే ‘బ్రౌన్ ట్యూమర్’ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. మైక్రోస్కోప్ ఈ రెంటినీ విడదీయలేదు. రక్తపరీక్ష విడదీస్తుంది.

మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజల్లాంటి నాలుగు గ్రంథులు రక్తంలో కాల్షియం సరిచూస్తుంటాయి. వాటిలో ఒకటి అదుపు తప్పితే ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుంది. మూత్రపిండాల్లో రాళ్లు, ఒళ్లు నొప్పులు, నీరసం, చివరికి ఎముకల్లో గుంటలు. పాశ్చాత్య దేశాల్లో మామూలు రక్తపరీక్షల్లోనే ముందుగా దొరికిపోతుంది. మన దగ్గర ఎముకలు పాడైన దాకా వచ్చాక బయటపడటం ఎక్కువ. రక్తంలో కాల్షియం, ఈ గ్రంథులు వదిలే పీటీహెచ్ అనే హార్మోన్ ఎంతున్నాయో పరీక్ష చేయించకుండా దవడ కోస్తే, కోసిన చోట మానుతుంది, ఇంకో చోట లేస్తుంది. ఆ గ్రంథిని తీసేస్తే దవడ గడ్డ చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి డయాలసిస్ మీదున్నవాళ్లలో కిడ్నీ జబ్బు వల్లే ఈ గ్రంథులు రెచ్చిపోతాయి. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం వైపు నుంచి అలాంటి పేషెంట్ దవడ వాపుతో వస్తే, మొదట చూడాల్సింది పీటీహెచ్ రిపోర్టే.

గ్రంథులు బాగానే ఉంటే అప్పుడది సొంత గ్రాన్యులోమా. దానికీ కత్తి ఒక్కటే దారి కాదు. గడ్డలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, కాల్సిటోనిన్, ఈమధ్య డెనోసుమాబ్ లాంటి మందులు ఇచ్చి కుదించిన అనుభవాలున్నాయి.

తక్కువ కోస్తే తిరిగొచ్చేది, ఆలస్యమైతే పోయేది

నల్లమచ్చల సంగతి పక్కన పెడితే, ఎంత కోయాలన్న ప్రశ్న ఇంకా కొన్ని చోట్ల ఎదురవుతుంది. మెట్ల మీంచో ఉయ్యాల మీంచో పడి పిల్లల గడ్డానికి దెబ్బ తగులుతుంది. గడ్డం మీద కుట్లు వేసి పంపేస్తారు. దెబ్బ అసలు తగిలింది చెవి ముందున్న దవడ కీలుకి. అక్కడ చేరిన రక్తం ఎముకగా మారి దవడ పుర్రెకు అతుక్కుపోతుంది. దీన్ని ఆంకిలోసిస్ అంటారు. మూడు వేళ్లు పట్టాల్సిన నోరు ఒక వేలు కూడా పట్టదు. పళ్ల సందుల్లోంచి పప్పన్నం నెట్టుకుని తినే పిల్లలున్నారు. దవడ ఎదగక గడ్డం లోపలికి పోతుంది, రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. మత్తు ఇవ్వడమే పెద్ద పరీక్ష. నోరు తెరవదు కాబట్టి ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టంతో శ్వాసనాళానికి దారి చూసుకుంటారు. అతుక్కున్న ఎముకను ఒక సెంటీమీటరుకు తగ్గకుండా తీసి, మధ్యలో కణత కండ పొరను అడ్డుపెడతారు. ఖాళీ తక్కువైతే ఎముక మళ్లీ కలిసిపోతుంది. తర్వాత ఏడాది పాటు నోరు సాగదీసే వ్యాయామం. ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టి, కొన్ని రోజులకోసారి ఒక పుల్ల పెంచుతారు. పిల్ల ఏడుస్తుంది, అమ్మ మనసు కరుగుతుంది, వ్యాయామం ఆగిపోతుంది. ఆపరేషన్ విఫలమయ్యేది థియేటర్లో కంటే ఇంటి గడప లోపలే ఎక్కువ.

2021లో కొవిడ్ రెండో వేవ్‌లో మనందరికీ తెలిసొచ్చిన బ్లాక్ ఫంగస్ దీనికి మరో కొస. దేశంలో 40 వేలకు పైగా కేసులు వచ్చాయి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దీనికే కేటాయించారు. అంతకుముందు దవడ సర్జన్లు ఏళ్లలో ఒకటో రెండో చూసిన జబ్బు వార్డుల నిండా చేరింది. పై దవడకు రక్తం పుష్కలం, అందుకే అది కుళ్లడం మామూలుగా జరగదు. ఈ ఫంగస్ రక్తనాళాల్లోనే పెరిగి వాటిని మూసేస్తుంది. రక్తం ఆగిన ఎముక చచ్చిపోతుంది. ఫంగస్‌ని చంపే యాంఫోటెరిసిన్ మందు రక్తంలోంచే కదా వెళ్లాలి, రక్తం లేని చోటికి అది చేరదు. కాబట్టి చచ్చిన భాగం కోసి తీసేయక తప్పదు, తాజా రక్తం ఊరే చోటు దాకా. ఇక్కడ వేచి చూస్తే కన్ను, ఆ తర్వాత మెదడు. కొవిడ్ తగ్గి ఇంటికొచ్చిన షుగర్ పేషెంట్లకి వారాల తర్వాత పై పళ్లు వరసగా కదలడం, చిగుళ్ల నుంచి చీము రావడం మొదలైతే పళ్ల జబ్బనుకుని పీకించుకున్నవాళ్లున్నారు.

పై దవడ తీసేశాక నోటికీ ముక్కుకీ మధ్య అడ్డుగోడ ఉండదు. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట అర్థం కాదు. ఆ రంధ్రాన్ని మూసే పలకను ఆబ్ట్యురేటర్ అంటారు. పదహారో శతాబ్దంలో ఫ్రాన్స్ సర్జన్ ఆంబ్రోయిజ్ పారే కూడా ఇలాంటివి వాడాడు. కట్టుడు పళ్ల సెట్టుకే పైన బరువు తగ్గించడానికి బోలుగా చేసిన బుడిపె ఉంటుంది, అది రంధ్రంలో ఇమిడిపోతుంది. ఆపరేషన్ టేబుల్ మీదే మొదటిది పెట్టేస్తే మనిషి మర్నాడే మాట్లాడగలడు.

ఈ ఆబ్ట్యురేటర్ అవసరం శ్రీకాకుళం తీరంలో మరో దారిలో వచ్చింది. అడ్డపొగ. చుట్టను వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు, ఆడవాళ్లలో ఎక్కువ. అంగిలి క్యాన్సర్ ప్రపంచంలో చాలాచోట్ల అరుదు, ఇక్కడ కాదు. 1971లో వచ్చిన ఒక అధ్యయనంలో పది వేల మందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే తేలారు. అంగిలి ముందు తెల్లబడుతుంది, ఎర్రటి చుక్కలు తేలుతాయి. ఎర్రటి మచ్చ, మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఆ దశలో ముక్క తీసి పరీక్షిస్తే పోయేది కొద్దిపాటి అంగిలి, తర్వాత అయితే సగం పై దవడ.

కత్తి దూరంగా ఉండాల్సినవి

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత అక్షరాలా నిజమయ్యేది ఈ విభాగంలోనే. ముఖంలో కరెంటు షాకులాంటి నొప్పి క్షణం వచ్చి పోతుంటే, పళ్లు తోముకున్నా గాలి తగిలినా లేస్తుంటే, అది ట్రైజెమినల్ న్యూరాల్జియా. పంటి నొప్పనుకుని ఒకదాని తర్వాత ఒకటి మంచి పళ్లు పీకించుకున్నాక అసలు డాక్టర్‌ని చేరేవాళ్లు తక్కువేం కాదు. చాలామందికి కార్బమజిపిన్ మాత్రతో మొదట్లోనే గుణం కనిపిస్తుంది. చిన్నపిల్లల్లో రెండు బుగ్గలూ ఉబ్బి కళ్లు పైకి చూస్తున్నట్టుండే చెరుబిజం అనే వంశపారంపర్య జబ్బు యుక్తవయసు దాటాక చాలావరకు అదే తగ్గుతుంది. తల్లిదండ్రులు ఎంత ఒత్తిడి చేసినా వేచి ఉండటమే వైద్యం.

ఎముకల బలానికి, క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు వాడేవాళ్లు పన్ను పీకించుకుంటే ఆ గుంట మానక దవడ ఎముక బయటపడే ప్రమాదం ఉంది. క్యాన్సర్ మోతాదులో ఎక్కువ, ఎముకల బలహీనతకిచ్చే మోతాదులో బాగా తక్కువ. 2003 నుంచి వైద్యలోకం దీన్ని గుర్తించింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో తెల్ల భాస్వరంతో పనిచేసిన పంతొమ్మిదో శతాబ్దపు కార్మికులకు పట్టిన దవడ జబ్బుకి ఇది దగ్గరి చుట్టం. పన్ను పీకాల్సి ఉంటే ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే పీకించుకోవాలి. ఆ మాట ఇంజెక్షన్ రాసే డాక్టర్ అడగకపోతే మనమే అడగాలి.

ఇక మొదట చెప్పిన ఆ నల్లమచ్చ మనిషికి ఒక మాట. బయాప్సీ చేశాక కాగితం రిపోర్టుతో పాటు గాజు స్లైడు, మైనపు బ్లాక్ ఉంటాయి. రెండో అభిప్రాయం కావాలంటే కాగితం కాదు, అవి పట్టుకెళ్లాలి. ల్యాబ్‌లో అడిగితే ఇస్తారు. ఆపరేషన్ అయ్యాక మొదటి అయిదేళ్లు ఏటా ఓపీజీ, ఆ తర్వాత రెండేళ్లకోసారైనా తీయించుకోవాలి. ఆరో ఏడు నుంచి పేషెంట్లు కనిపించరు. మొహం బాగుంది, నమలగలుగుతున్నాం, ఊరు నుంచి రావడానికి ఒక రోజు కూలి పోతుంది, ఎందుకు రావాలి? అమెలోబ్లాస్టోమా ఆ ఏళ్లలో కూడా తిరిగి రావచ్చు. అందుకే కొందరు డాక్టర్లు ఫైలు మీద పేషెంట్ నంబరుతో పాటు కొడుకుదో కూతురిదో ఫోన్ నంబరు కూడా రాయించుకుంటారు.